ముప్పై ఎనిమిది తామర తొట్లు

లూదియా మధ్యాహ్నం క్యారియరు విప్పబోతుండగా ఫోను మోగింది. నంద్యాల పెద్దాసుపత్రి నుంచి రోజూ వచ్చే పట్టికలో ఆ పూట ఆమె వార్డుకు ఒకే ఒక్క పేరు ఉంది. చెన్నమ్మ, నలభై ఎనిమిదేళ్లు, శిల్పుల వీధి, ఆళ్లగడ్డ. డెంగీ.

క్యారియరు మళ్లీ మూసేసింది.

ఆ వార్డు సచివాలయంలో లూదియా ఆరోగ్య కార్యదర్శి. ఉద్యోగం పేరు పెద్దదే గాని వీధుల్లో అందరికీ ఆమె నర్సమ్మే. ఐదేళ్లుగా ఆమెకు పైన రెండు ఆఫీసులు. సూదులు, మందులు, జ్వరాల సంగతి అడిగేది ఆరోగ్య శాఖ. సెలవు చీటీ మీద సంతకం పెట్టేది మున్సిపాలిటీ. చాగలమర్రిలో టీచరుగా చేసే ఆమె భర్త జాషువా, "నీది రెండిళ్ల చుట్టం బతుకు, ఏ ఇంట్లోనూ వేళకు అన్నం దొరకదు" అని ఆటపట్టిస్తుంటాడు. ఆ మాట ఆ రోజు అక్షరాలా నిజమైంది.

ఆశా కార్యకర్త వెంకటమ్మను వెంటబెట్టుకుని లూదియా శిల్పుల వీధికి వెళ్లింది. ఒక డెంగీ కేసు వచ్చిందంటే చుట్టూ యాభై ఇళ్లు చూడాలి. కుండలు, డ్రమ్ములు, కూలర్లు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు అన్నీ వంగి చూశారు. ఎక్కడా ఏమీ లేదు. ఆ వీధి ఆడవాళ్లు శుక్రవారం శుక్రవారం డ్రమ్ములు కడిగి బోర్లించడం లూదియా దగ్గరే నేర్చుకున్నారు, మానలేదు. చెన్నమ్మ ఇంట్లో అయితే నీళ్ల బిందె మీద గుడ్డ కూడా కట్టి ఉంది.

"ఈమెను యాడ కుట్టిందబ్బా మరి?" అంది వెంకటమ్మ.

డెంగీ దోమ పగటిపూట కుడుతుంది. పగలంతా చెన్నమ్మ ఇంట్లో ఉండదు. వీధి చివర ఓబులాచారి శిల్పశాలలో రాళ్లకు నునుపు పడుతుంది. ఇద్దరూ అక్కడికి నడిచారు.

ముందు వైపు షెడ్డులో సగం చెక్కిన విగ్రహాలు ఉన్నాయి. వెనక ఖాళీ స్థలంలోకి అడుగుపెట్టగానే లూదియా ఆగిపోయింది. వరసగా నల్లరాతి తొట్లు. నడుమెత్తు ఉంది ఒక్కొక్కటి. విచ్చుకున్న తామర పువ్వులాగా అంచు చుట్టూ రేకులు. రేకు రేకుకూ సన్నని ఈనెలు. ప్రతి తొట్టి మీదా ఎర్ర రంగుతో ఒక అంకె. ఒకటి నుంచి ముప్పై ఎనిమిది దాకా. ఆగస్టులో పడిన వానకు అన్నీ నిండి ఉన్నాయి. వంగి చూస్తే తేట నీళ్లలో దోమ పిల్లలు మెలికలు తిరుగుతున్నాయి, పిడికెళ్ల కొద్దీ.

ఓబులాచారి ఉలి కింద పెట్టి లేచి వచ్చాడు. అరవై దాటిన మనిషి, కనుబొమల మీద రాతి పొడి.

"ఇవి ఇట్ల ఉండాయేందప్పా? నీళ్లు యాల నింపినారు?" అంది లూదియా.

"నేను నింపలా. వాన నింపింది."

"అయితే పారబోయండి."

"తొట్లు నావి కాదు నర్సమ్మా. గవర్నమెంటువి."

అతను చెప్పిన సంగతి ఇది. నందికొట్కూరు అవతల కృష్ణ వెనక జలాల ఒడ్డున ఒక పార్కు కడతామని, అందులో తామరలు పెంచడానికి తొట్లు కావాలని ఒక శాఖ వాళ్లు చెక్కించారు. ఒక ఆఫీసరు వచ్చి ఒక్కొక్కటీ తడిమి చూసి అంకెలు వేయించాడు. మేం బండి పంపేదాకా కదిలించొద్దు, బెజ్జం పడగూడదు, రేకు విరగగూడదు అని చెప్పి వెళ్లాడు. ఆయనకు బదిలీ అయింది. పార్కు పని ఆగింది. బండి రాలేదు. ఇది రెండో వానాకాలం.

"ముందొకసారి ఒక దేవళం పనిలో నేనే తొందరపడి రాయి కదిలిస్తి," అన్నాడు ఓబులాచారి. "అంచు యింత చితికింది. మొత్తం పని వద్దనిరి. ఏడాది కష్టం. మల్లా ఆ తప్పు చేయను. ఈటి మీద చెయ్యి పెట్టొద్దు మీరు."

"చెన్నమ్మకు డెంగీ వచ్చిందప్పా. నంద్యాల ఆసుపత్రిలో ఉండాది."

ఓబులాచారి ముఖం మారింది. చెన్నమ్మ పదిహేనేళ్లుగా అతని దగ్గర పని చేస్తోంది. కొంచెంసేపు తొట్ల వైపు చూసి, "నీళ్లు మాత్రం తోడుకోండి," అన్నాడు. "తొట్టి కదలగూడదు."

మర్నాడు లూదియా తన పక్క టేబులు దగ్గర కూర్చునే ప్రవీణ్‌తో ఈ మాట ఎత్తింది. ప్రవీణ్ వార్డు పారిశుధ్య కార్యదర్శి. కాలవలు, చెత్త, నిలవ నీళ్లు అతనివి. నెమ్మదస్తుడు. చెప్పిన పని చెప్పినంత చేస్తాడు, అంగుళం దాటడు. ఏడాది కిందట కాలవకు అడ్డంగా ఉందని ఒక అంగడి ముందరి రేకులు తీయించి మెమో తిన్నాడు. అప్పటి నుంచి చెయ్యి చాపే ముందు గీత ఎక్కడుందో చూసుకుంటాడు.

"రోడ్డు మీద నీళ్లయితే నావేనక్కా," అన్నాడు. "అది లోపలి స్థలం. సామానేమో వేరే శాఖది. దాంట్లో పురుగేమో మీ ఆరోగ్య శాఖది. రేపు ఒకటి పగిలిందనుకో, ఎవరి పేరు రాస్తారు?"

"దోమకు ఈ శాఖలన్నీ తెల్సా ప్రవీణ్?"

అతను నవ్వాడు. అయినా ఇద్దరు మనుషుల్ని పంపాడు. వెంకటమ్మ, లూదియా, ఆ ఇద్దరూ కలిసి మగ్గులతో, బకెట్లతో ముప్పై ఎనిమిది తొట్లూ తోడారు. అడుగున గిన్నెలాగా గుంట ఉండటంతో చివరి నీళ్లు గుడ్డలతో అద్ది పిండాల్సి వచ్చింది. లూదియా నడుము పట్టేసింది. ఆ సాయంత్రమే మబ్బు పట్టి గంటసేపు కురిసింది. పొద్దున వచ్చి చూస్తే అన్నింటి అడుగునా మళ్లీ నీళ్లు నిలిచి, వాటిలో ఆకాశం కనిపిస్తోంది.

తరువాత వారంవారం మందు చల్లారు. కానీ ఆ మందు నెలకు ఇంత అని వస్తుంది. సగం ఆ తొట్లకే పోతే మిగతా వార్డు ఏం కావాలి? ఈలోగా పక్క వీధిలో లీలావతి అనే టైలరుకు కూడా డెంగీ తేలింది.

లూదియా నంద్యాల బస్సెక్కింది. ఆ రోజు అక్కడ జ్వరాల మీద అన్ని శాఖల సమావేశం ఉంది. టీ విరామంలో ఒక్కొక్కరినీ పట్టుకుని అడిగింది. దోమల విభాగం ఆయన ఓపిగ్గా విన్నాడు. "దోమలు ఎక్కడ పుడుతున్నాయో కనిపెట్టి చెప్పడం మన పని తల్లీ. చెప్పేశావు. నీళ్లు తీయించేది స్థానిక సంస్థ," అన్నాడు. పురపాలక శాఖ తరఫున వచ్చినామె తన ఫోనులో నిబంధన తీసి చూపించింది. సొంత స్థలమైతే నోటీసు యజమానికి ఇవ్వాలి. సామాను ప్రభుత్వ శాఖదైతే ఆ శాఖకు రాయాలి. తొట్లు చెక్కించిన శాఖ గుమాస్తా కాగితాలు తిరగేసి, "మేం తీసుకున్నట్టు ఫైల్లో లేదమ్మా. తీసుకోనంతవరకు అవి చెక్కినాయనవే," అన్నాడు.

ఎవరూ కసురుకోలేదు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒకరైతే ఆమెకు బిస్కెట్లు కూడా తెచ్చి పెట్టారు. బయట మెట్ల మీద కూర్చుని లూదియా ఆలోచించింది. ఎవరి ముక్క వాళ్లు శుభ్రంగా పట్టుకుని ఉన్నారు. ముక్కకూ ముక్కకూ మధ్య సందు ఉంది. చెన్నమ్మ ఆ సందులో పడింది. లూదియాకు కోపం రావాల్సింది. ఎందుకో అలసట వచ్చింది.

"యాల ఈడ కూచున్యావ్ తల్లీ?"

జోసెఫ్ అని దోమల ఆఫీసులో పాత మనిషి. వెనక సిమెంటు కుండీలో గంబూషియా చేపలు పెంచడం అతని పని. దోమ పిల్లల్ని తినే వేలెడు చేపలు. ఆమె కథంతా విని తల గోక్కున్నాడు.

"తొట్టి కదిలించొద్దన్నాడు. బెజ్జం వద్దన్నాడు. చేప వేయొద్దనలేదు గదా?"

లూదియా లేచి నిలబడింది.

మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో రెండు వందల చేపలు పట్టి ఇచ్చాడు జోసెఫ్. ఆళ్లగడ్డ బస్సులో ఆమె డబ్బా ఒళ్లో పెట్టుకుని, నీళ్లు తొణకకుండా రెండు చేతులా పట్టుకుంది. కండక్టరు తొంగి చూసి, "కూరకు సాలవు గదమ్మా ఇవి," అన్నాడు. శిరివెళ్ల దగ్గర ఎక్కిన పుల్లయ్య అనే రైతు పక్కన కూర్చుని, డబ్బాలో గాలి ఆడటానికి అప్పుడప్పుడూ మూత తీసి చేత్తో నీళ్లు కదిపాడు. దిగేటప్పుడు, "మా ఊర్లో గూడా దోమలుండాయి, మాకూ తేమ్మా," అన్నాడు. వాళ్ల నర్సమ్మకు చెప్పమని లూదియా జోసెఫ్ ఫోను నంబరు రాసిచ్చింది.

తొట్టికి ఐదు చొప్పున వేశారు. ఓబులాచారి కాదనలేదు. ముక్కుపొడి పీల్చి, చేపలు దోమ పిల్లల వెంట పడటం చిన్న పిల్లాడిలా చూశాడు. మొదటి రెండు రోజులు బాగా జరిగింది. మూడో రోజు వాన మబ్బు విడిపోయి ఎండ కాసింది. నల్లరాయి మధ్యాహ్నానికి పెనంలాగా కాలింది. సాయంత్రం వెంకటమ్మ ఫోను చేసి ఏడుపు గొంతుతో పిలిచింది. లూదియా వచ్చి చూస్తే చేపలు వెల్లకిలా తేలి ఉన్నాయి. వేపచెట్టు నీడలో ఉన్న తొమ్మిది తొట్లలో తప్ప ఒక్కటీ బతకలేదు.

ఆమె చచ్చిన చేపల్ని ఒక్కొక్కటిగా ఏరింది. ఓబులాచారి కాసేపు పక్కనే నిలబడి మళ్లీ షెడ్డులోకి వెళ్లాడు.

అదే వారం చెన్నమ్మ ఆసుపత్రి నుంచి వచ్చింది. మనిషి సగమైంది. నాలుగు అడుగులు వేసి గోడ పట్టుకుంటోంది. ఇంట్లో ఉండమంటే వినకుండా శిల్పశాలకు వచ్చి, రోజూ తను కూర్చునే చోట గోనె పట్టా మీద కూర్చుంది. లూదియా అప్పుడే మందు చల్లడానికి వచ్చి ఉంది.

"సామీ," అని పిలిచింది చెన్నమ్మ ఓబులాచారిని. "ఈ ముప్పై ఎనిమిదీ నునుపు పట్టింది నేనే గదా?"

"నువ్వే."

"పొద్దన్నే ఈడ కూచుంటే కాళ్లకు కుడతా ఉండె. తోలుకుంటా పని చేస్తిని. ఈ తొట్లో నీళ్లే తీసి రాయి రుద్దితిని. నువ్వూ ఈడనే ఉంటావ్. నీకు రాలా, నాకొచ్చె. అంతే తేడా. రేపు నీకొస్తే ఈటిని ఎవరు కాపలా కాస్తారు సామీ?"

ఓబులాచారి దగ్గర్లో ఉన్న తొట్టి అంచు తడిమాడు. చివరికి, "వాల్లొచ్చి ఎవరు కదిలించినారని అడిగితే నేనేం జెప్పల్ల?" అన్నాడు. గట్టిగా అడగలేదు, నిజంగా తెలియక అడిగాడు.

"నేను రాసిస్తానప్పా," అంది లూదియా. అనేశాక గాని ఎంత మాట అన్నదో ఆమెకు తెలియలేదు.

సచివాలయానికి వచ్చి తెల్లకాగితం తీసుకుంది. రెండుసార్లు రాసి చింపింది. మూడోసారి తిన్నగా రాసింది. ఈ తొట్లలో దోమలు పుట్టి ఇద్దరికి డెంగీ వచ్చింది, తోడాం, మందు చల్లాం, చేపలు వేశాం, ఆగలేదు, కాబట్టి జనం ఆరోగ్యం కోసం తొట్లను బోర్లించి ఉంచమని నేనే చెప్పాను. కింద సంతకం పెట్టి ప్రవీణ్ ముందుకు జరిపింది.

"చదువు. సంతకం చెయ్యమని అడగను. నీకు తెలియకుండా చేయగూడదని చూపిస్తాండా."

ప్రవీణ్ చదివాడు. మళ్లీ చదివాడు. "మల్లా మెమో వస్తేనక్కా?"

"నాకొస్తాది. నా సంతకమే గదా ఉండేది."

అతను కిటికీలోంచి కాసేపు రోడ్డు వైపు చూశాడు. తరువాత పెన్ను తీసి, 'నేనే చెప్పాను' అన్న చోట 'మేం చెప్పాం' అని దిద్దాడు. కింద ఇంకో వాక్యం చేర్చాడు. నీళ్లు తీసి, స్థలం శుభ్రం చేయించే బాధ్యత పారిశుధ్యానిది. సంతకం పెట్టి తేదీ వేశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఒకరికే వస్తే తిట్టు, ఇద్దరికొస్తే ముచ్చట," అన్నాడు.

లూదియాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఓబులాచారికి చదివి వినిపిస్తే అతను మూడో సంతకం తనది కూడా ఉండాలన్నాడు. 'నా చేతులతోనే బోర్లిస్తాను' అని రాయించుకుని, విగ్రహం పీఠం మీద పేరు చెక్కినంత శ్రద్ధగా పెట్టాడు. ఆ కాగితం నకళ్లు మున్సిపాలిటీకి ఒకటి, నంద్యాలలో ఆరోగ్య శాఖకు ఒకటి, తొట్లు చెక్కించిన శాఖకు ఒకటి వెళ్లాయి.

ఆదివారం ఆరాధన ముగించుకుని లూదియా తెల్లచీరతోనే శిల్పశాలకు వచ్చింది. పక్క శిల్పశాలల వాళ్లు నలుగురు మూడు కాళ్ల స్టాండు, గొలుసు కప్పీ తెచ్చారు. నేల మీద మోకాలెత్తు వరిగడ్డి పరిచారు. వేపచెట్టు నీడలో బతికిన చేపల్ని వెంకటమ్మ డబ్బాలోకి పట్టింది. ప్రవీణ్ మనుషులు ముందు నీళ్లు తోడుతుంటే, వెనకే తొట్టికి గోనెపట్టాలు చుట్టి గొలుసు వేసి, అంగుళం అంగుళం లేపి గడ్డి మీద బోర్లించారు. చెయ్యి ఆనించేది ఓబులాచారి ఒక్కడే. "బేగా వద్దు, బేగా వద్దు" అని ప్రతిసారీ తనకు తానే చెప్పుకున్నాడు.

పదిహేడో తొట్టి దగ్గర గొలుసు జారింది. చిన్న చప్పుడు. ఒక రేకు కొస, గోరంత, గడ్డిలో పడింది. అందరూ కొయ్యబారిపోయారు. ఓబులాచారి ఆ ముక్క ఏరి అరచేతిలో పెట్టుకుని రాతి మీద కూలబడ్డాడు. చెన్నమ్మ మెల్లగా లేచి వచ్చి చెంబుతో మజ్జిగ ఇచ్చింది. తాగాడు.

లూదియా తన దగ్గరున్న కాగితం తీసి అక్కడే, అందరి ముందే రాసింది. పదిహేడో నంబరు తొట్టి ఎడమ వైపు రేకు కొస ఈ పనిలో చితికింది, పూచీ మా ముగ్గురిదీ.

"దాచొచ్చు గదా నర్సమ్మా?" అన్నాడు పక్క శిల్పశాల ఆయన.

"ఇది దాస్తే మిగతాది ఎవరు నమ్ముతారన్నా?"

ఓబులాచారి ముక్కను గుడ్డలో మూటగట్టి లేచాడు. "పద్దెనిమిది పట్టండి," అన్నాడు. పొద్దు వాలేసరికి ముప్పై ఎనిమిదీ తాబేళ్ల మందలాగా బోర్లా పడుకున్నాయి.

పదిహేడో తొట్టి మాట చేర్చిన నకళ్లు కూడా మర్నాడే మూడు ఆఫీసులకూ వెళ్లాయి. మూడు వారాలు గడిచాయి. వానలు పడ్డాయి. నీళ్లు రాళ్ల మీద నుంచి జారి ఇంకిపోయాయి. ఆ రెండు వీధుల్లో కొత్త జ్వరం రాలేదు. అప్పుడు ఒక ఉదయం శిల్పశాల ముందు జీపు ఆగిందని ఓబులాచారి ఫోను చేశాడు. లూదియా, ప్రవీణ్ ఒకే బండి మీద వెళ్లారు.

వచ్చినామె పేరు ప్రసన్న, ఆ శాఖలో కొత్త ఇంజనీరు. ముప్పై ఏళ్లుంటాయి. వెనక స్థలంలో నిలబడి బోర్లించిన తొట్లను చూస్తోంది.

"ఎవరి అనుమతితో తిప్పారివి?" అని అడిగింది.

లూదియా నోరు తెరిచేలోపే ప్రవీణ్ ముందుకొచ్చాడు. "మేమే తిప్పినాం మేడం. కాగితం మీకు పంపినాం."

"చదివాను. అందుకే వచ్చాను. జూన్‌లో చేరాను నేను. మీ కాగితం వచ్చేదాకా ఇలాంటి తొట్లు ఉన్నాయనే నాకు తెలీదు." ఆమె పదిహేడో తొట్టి ఏదని అడిగింది. ఓబులాచారి గడ్డి తప్పించి చూపించాడు. ఆమె వంగి వేలితో చితికిన చోటు తడిమింది. "ఇంతేనా? నేను సగం విరిగిందనుకుని వచ్చాను."

అతను గుడ్డ విప్పి ముక్క చూపించాడు. అతికించవచ్చా అని ఆమె అడిగితే, అతికించొచ్చు గాని అతికినట్టు తనకు మాత్రం కనపడుతుందని చెప్పాడు.

ప్రసన్న వాళ్ల కాగితం కిందే రాసింది. చూశాను, తొట్లు మావే, బండి వచ్చేవరకు ఇలాగే ఉంచాలి. సంతకం చేసింది. బండి ఎప్పుడొస్తుందని ఓబులాచారి అడిగితే మాత్రం, "అది నాకు తెలియదు పెద్దాయనా. తెలుసని చెప్పలేను," అంది. ఆ జవాబు అతనికి నచ్చినట్టుంది, తల ఊపాడు.

ఆమె జీపు ఎక్కబోతుంటే లూదియాకు ఒక ఆలోచన తట్టింది.

"మేడం, పార్కులో పెట్టినాక కూడా ఈటిలో నీళ్లు నిలుస్తాయి గదా. ఆడ గూడా నాలాంటి నర్సమ్మ ఒకామె ఉంటాది."

ప్రసన్న ఆగింది. "ఏం చేయమంటారు?"

లూదియా ఓబులాచారి వైపు చూసింది. అతను గడ్డం నిమురుకున్నాడు. "అడుగున బొటనవేలంత బెజ్జం, దానికి రాతి బిరడా," అన్నాడు. "బిరడా వేస్తే నిలుస్తాయి, తీస్తే పోతాయి. చెయ్యొచ్చు. రాసియ్యండి, చేస్తా."

ప్రసన్న జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని రాసిచ్చింది.

జీపు వెళ్లాక ఓబులాచారి మొదటి తొట్టి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అడుగు నడిమధ్యన సుద్దతో గుండ్రంగా గీశాడు. కాలవ తూములు సన్నగా పెడితే ఎప్పుడూ మూసుకుపోతాయని, ఇంకొంచెం పెద్దది చేయమని ప్రవీణ్ వాదం పెట్టుకున్నాడు. చెన్నమ్మ ఇద్దర్నీ కాదని తన బొటనవేలు ఆనించి చూపిస్తోంది. పదకొండింటికి అంగన్‌వాడీలో పిల్లలకు సూదులు వేయాలి. లూదియా టీకాల డబ్బా భుజానికి తగిలించుకుని బయల్దేరింది.